లివర్ జబ్బుల గురించి అరగంట మాట్లాడాలి, ఏం చెబితే జనం వింటారు?

గాలిపటం:

అందరికీ నమస్తే. మా ఆఫీసులో నెలకోసారి ఆరోగ్యం మీద ఎవరో ఒకరు అరగంట మాట్లాడతారు. ఈసారి లివర్ గురించి నేను మాట్లాడతానని ఒప్పుకున్నాను. డాక్టర్ని కాదు, అకౌంట్స్‌లో పనిచేస్తాను. ఒప్పుకోవడానికి కారణం ఏంటంటే, మాతో పనిచేసిన ఒకాయన సిరోసిస్‌తో (లివర్ నిండా మచ్చలు పడి గట్టిపడిపోయే జబ్బు) చనిపోయాడు. జీవితంలో మందు ముట్టని మనిషి. షుగర్ ఉంది, పొట్ట ఉంది, అంతే. ఆయన పోయాక క్యాంటీన్లో అందరి నోటా ఒకటే మాట, "బయటికి తెలియదు గానీ చాటుగా తాగేవాడేమో" అని. అది వాళ్ల ఇంట్లోవాళ్ల చెవిన కూడా పడింది.

సరే, ఏం చెప్పాలా అని నెట్‌లో వెతికితే దొరికినవన్నీ ఒకే రకం పోస్టర్లు. ఒక పక్క నున్నటి లివర్, ఇంకో పక్క గడ్డలు కట్టిన లివర్, కింద "మద్యం మానండి" అని. ఇది చూపిస్తే తాగేవాళ్లు నవ్వేసి ఊరుకుంటారు, తాగనివాళ్లు మనకి సంబంధం లేదులే అని ఫోన్ తీస్తారు.

నాకు తెలియాల్సినవి మూడు. అరగంటలో అసలు ఏ విషయం మీద ఎక్కువసేపు ఉండాలి? హెచ్‌ఆర్ వాళ్లు అందరికీ ఎల్‌ఎఫ్‌టీ (లివర్ కోసం చేసే రక్త పరీక్ష) చేయించేద్దాం అంటున్నారు, అది మంచి ఆలోచనేనా? లివర్‌కి సోకే వైరస్ జబ్బులు హెపటైటిస్ బి, సి గురించి మాట్లాడితే ఆఫీసులో లేనిపోని అనుమానాలు మొదలవుతాయేమో, వదిలేయమంటారా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ల్యాబ్‌కోటు:

గాలిపటం గారూ, నేను ల్యాబ్‌లో పనిచేస్తాను కాబట్టి మీ రెండో ప్రశ్న పట్టుకుంటా. అందరికీ ఎల్‌ఎఫ్‌టీ అనేది వినడానికి బాగుంటుంది గానీ, దానివల్ల జరిగే చెడు ఒకటుంది. రిపోర్టులో స్టార్ గుర్తు ఏదీ లేకపోతే మనిషి "నా లివర్ బ్రహ్మాండం" అనుకుని ఇంకో పదేళ్లు దాని జోలికి పోడు. ఏఎల్‌టీ, ఏఎస్‌టీ అనేవి లివర్ కణాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి కారే ఎంజైములు. ఈ రోజు కణాలు ఎంత దెబ్బతింటున్నాయో అవి కొంత చెప్తాయి, ఇన్నేళ్లలో ఎంత మచ్చ పడిందో చెప్పవు. సిరోసిస్ ఉన్నవాళ్లలో కూడా ఏఎల్‌టీ నార్మల్‌గా రావచ్చు. లివర్ నిజంగా పని చేస్తోందా అన్నది అల్బుమిన్, బిలిరుబిన్, రక్తం గడ్డకట్టే ఐఎన్‌ఆర్ చూస్తే తెలుస్తుంది, కానీ అవి తేడా వచ్చేసరికి చాలా ఆలస్యం అయిపోయి ఉంటుంది.

మచ్చ అంటే ఫైబ్రోసిస్. అసలు భయపడాల్సింది దానికి. దాన్ని అంచనా వేయడానికి ఖర్చు లేని లెక్క ఒకటుంది, ఫిబ్-4 అంటారు, మీరు అకౌంట్స్ మనిషి కాబట్టి మీకు నచ్చుతుంది. వయసుని ఏఎస్‌టీతో గుణించాలి. ప్లేట్‌లెట్ల సంఖ్యని (వేలల్లో) ఏఎల్‌టీ వర్గమూలంతో గుణించాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. 1.3 కంటే తక్కువైతే పెద్ద మచ్చ ఉండే అవకాశం తక్కువ. 2.67 దాటితే లివర్ డాక్టర్ని కలవాలి. మధ్యలో వస్తే లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ లాంటిది చేయించుకుంటే సరిగ్గా తెలుస్తుంది. 35 ఏళ్ల లోపు వాళ్లకి ఈ లెక్క సరిగ్గా కుదరదు, 65 దాటినవాళ్లకి కింది హద్దు 1.3 బదులు 2.0 తీసుకుంటారు.

ఒక ఉదాహరణ చెప్తా, స్లైడ్ మీద పెట్టండి. 52 ఏళ్ల మనిషి. ఏఎస్‌టీ 48, ఏఎల్‌టీ 36, ప్లేట్‌లెట్లు 1,60,000. ఈ రిపోర్టు చూసి ఎవరూ కంగారు పడరు, ఏఎస్‌టీ ఒక్కటే కాస్త ఎక్కువ, మిగతావన్నీ హద్దుల్లోనే ఉన్నాయి. లెక్క కట్టండి: 52 ఇంటూ 48 అంటే 2496, కింద 160 ఇంటూ 6 అంటే 960, వచ్చేది 2.6. దాదాపు పై హద్దు దగ్గరికి వచ్చేశాడు. ప్లేట్‌లెట్లకీ లివర్‌కీ ఏం సంబంధం అని అడుగుతారు, అడిగితే మంచిదే. లివర్ గట్టిపడితే దానిలోకి వచ్చే రక్తం వెనక్కి తన్నుకుంటుంది, ప్లీహం ఉబ్బుతుంది, ఉబ్బిన ప్లీహం ప్లేట్‌లెట్లని పట్టి ఉంచేస్తుంది. అందుకే ఏళ్ల తరబడి ప్లేట్‌లెట్లు మెల్లగా దిగుతూ ఉంటే, హద్దుల్లోనే ఉన్నా సరే, అది పట్టించుకోవాల్సిన విషయం.

కాబట్టి హెచ్‌ఆర్ వాళ్లకి చెప్పండి, అందరికీ కాదు, టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లు, బరువు ఎక్కువ ఉండి బీపీయో కొలెస్ట్రాలో కూడా ఉన్నవాళ్లు, ఎక్కువగా తాగేవాళ్లు, ఎప్పుడో ఒకసారి ఏఎల్‌టీ ఎక్కువ వచ్చి వదిలేసినవాళ్లు, వీళ్లు ముందు ఈ లెక్క వేయించుకోవాలి. చాలామంది దగ్గర పాత రిపోర్టుల్లో ఈ నాలుగు అంకెలూ ఆల్‌రెడీ ఉంటాయి. కొత్తగా రక్తం కూడా తీయక్కర్లేదు.

ఎల్‌ఎఫ్‌టీ నార్మల్ అంటే హెపటైటిస్ బి లేదని కూడా కాదు, అది వేరే పరీక్ష. ఈ రెండూ కలిపేసి మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు, డాక్టర్ల దగ్గరికి వెళ్లొచ్చినవాళ్లు కూడా.

చిన్నక్క:

వార్డులో నర్సుగా చేస్తున్నాను. ఒక్క మాట గట్టిగా చెప్తా బాబూ, "లివర్ జబ్బు లక్షణాలు ఇవీ" అని లిస్టు చదవకండి. చదివితే వినేవాళ్లు ఏం చేస్తారో తెలుసా, అవి తమకి లేవు కాబట్టి తమకి జబ్బు లేదనుకుంటారు. లివర్ లోపల నొప్పి తెలిపే నరాలు లేవు. పైన కప్పి ఉండే పొర సాగితేనే బరువుగానో నొప్పిగానో తెలుస్తుంది. కళ్లు పచ్చబడటం, పొట్టలో నీరు చేరటం, కాళ్ల వాపు, ఇవన్నీ ఏళ్లుగా సాగే లివర్ జబ్బులో చివర్లో వచ్చేవి. వార్డుకి వచ్చేసరికి వాళ్లు "నిన్నటిదాకా బాగానే ఉన్నాడమ్మా" అంటారు. వాళ్లు అబద్ధం చెప్పట్లేదు, నిజంగానే వాళ్లకి అలా కనపడింది.

లక్షణాలు చెప్పాలంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాల్సినవి మాత్రం చెప్పండి. రక్తం వాంతి, తారులాంటి నల్లటి విరేచనం, పచ్చకామెర్లతో పాటు మాట తడబడటం, మనిషి అయోమయంగా అయిపోవటం. లివర్ జబ్బు ఉన్నవాళ్లు రాత్రంతా మేలుకుని పగలు నిద్రపోతూ, చిన్న లెక్క కూడా తప్పుతుంటే ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు, ముసలితనం అనుకుంటారు. లివర్ శుభ్రం చేయలేని విషపదార్థాలు మెదడుకి చేరి అలా చేస్తాయి. మందులతో తగ్గుతుంది కూడా.

ఇంకోటి, కాస్త కోపంగానే అంటున్నా, ఏమనుకోకండి. మీ సహోద్యోగి తాగలేదు కాబట్టి ఆయన మీద నింద అన్యాయం అన్నారు, నిజమే. తాగి ఉంటే మాత్రం? అప్పుడు ఆ క్యాంటీన్ మాటలు న్యాయమైపోతాయా? మా వార్డులో తాగనివాడికి పండ్లు తెస్తారు, తాగినవాడికి చీవాట్లు తెస్తారు. దాంతో తాగేవాళ్లు రెండు మూడేళ్లు ముందే రావాల్సినవాళ్లు సిగ్గుతో ఆగిపోతారు. మందువల్ల చేరిన కొవ్వు మానేసిన కొన్ని వారాల్లోనే చాలావరకు పోతుంది. సిరోసిస్ వచ్చాక మానేసినా ఆయుష్షు పెరుగుతుంది. ఈ రెండు ముక్కలు చెప్తే వాళ్లు వింటారు, గడ్డల లివర్ ఫోటో చూపిస్తే వినరు.

రోజూ బాగా తాగే అలవాటున్నవాళ్లు మీ మాటలు విని ఆ రాత్రి నుంచే ఒక్కసారిగా మానేస్తే మూర్ఛలు రావచ్చు, మతి చలించవచ్చు, ప్రాణం మీదికి కూడా రావచ్చు. డాక్టర్ సాయంతో మానండి అని తప్పకుండా చెప్పండి. ఇది చెప్పని ప్రసంగాలే ఎక్కువ.

మూడోబెంచీ:

నాకు హెపటైటిస్ బి ఉంది. మూడో ప్రశ్న నాది కాబట్టి జవాబు నేనే ఇస్తా :)

వదిలేయకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో ప్రపంచంలో సుమారు 25.4 కోట్ల మందికి దీర్ఘకాలిక హెపటైటిస్ బి ఉంది, అందులో తమకుందని తెలిసినవాళ్లు 13 శాతమే. మిగతావాళ్లు మీ ఎదురుగా కూర్చుని మీ ప్రసంగం వింటూ ఉండొచ్చు. నాకు పుట్టినప్పుడు మా అమ్మ నుంచి వచ్చి ఉంటుందని డాక్టర్ చెప్పారు. పసిపిల్లకి సోకితే వంద మందిలో తొంభై మందికి పైగా జీవితాంతం ఉండిపోతుంది, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి సోకితే ఐదుగురి లోపే అలా మిగులుతుంది, మిగతావాళ్ల ఒళ్లు దాన్ని తరిమేస్తుంది. అందుకే బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు మొదటి టీకా వేయమంటారు. జనం మాత్రం "ఎక్కడ తిరిగితే వచ్చింది" అని అడుగుతారు.

రక్తం ద్వారా, లైంగికంగా, తల్లి నుంచి బిడ్డకి వస్తుంది. ఒకరి రేజరు, టూత్‌బ్రష్ ఇంకొకరు వాడకూడదు. కలిసి తింటే రాదు, ఒకే గ్లాసులో తాగితే రాదు, చేయి కలిపితే, కౌగిలించుకుంటే, దగ్గితే రాదు. ఈ వాక్యం నెమ్మదిగా, రెండు సార్లు చదవండి దయచేసి. నా విషయం తెలిశాక పాత ఆఫీసులో ఒకాయన నా కప్పు విడిగా పెట్టించాడు, హెపటైటిస్ ఎ, హెపటైటిస్ ఇ అనేవి కలుషితమైన నీళ్లతో వస్తాయి కదా, దీన్ని కూడా ఆ లెక్కలో వేసేశాడనుకుంటా.

పరీక్ష పేరు కూడా చెప్పండి, హెచ్‌బీఎస్ యాంటీజెన్. సి కోసం యాంటీబాడీ పరీక్ష, అది పాజిటివ్ వస్తే వైరస్ ఇప్పుడు ఉందా లేదా అని ఆర్‌ఎన్‌ఏ పరీక్ష. సి కి టీకా లేదు గానీ మాత్రలతో 8 నుంచి 12 వారాల్లో 95 శాతం మందికి పైగా పూర్తిగా నయమైపోతుంది. బి కి టీకా ఉంది, పూర్తిగా పోగొట్టే మందు లేదు గానీ టెనోఫోవిర్, ఎంటెకావిర్ లాంటివి వైరస్‌ని అణిచి ఉంచుతాయి. మందు అందరికీ అవసరం పడదు, చూపించుకోవడం మాత్రం అందరికీ అవసరం. సిరోసిస్ లేకపోయినా బి వల్ల లివర్ క్యాన్సర్ రావచ్చు కాబట్టి నేను ఆరు నెలలకోసారి స్కాన్ చేయించుకుంటాను.

ఒక షరతు. ఈ పరీక్షలు ఆఫీసులో పెట్టించకండి. రిపోర్టు ఎవరి మెయిల్‌కి వెళ్తుంది, ఎవరు చూస్తారు, ఇదంతా టెన్షన్. ఎక్కడ చేయించుకోవాలో చెప్పి వదిలేయండి, ఫలితం వాళ్ల సొంత విషయం.

ఎర్రపెన్ను:

అందరూ బాగా చెప్పారు గానీ నేను కాస్త అడ్డం తగులుతా. ఇంత చెప్పాక మీ ఆఫీసులో సగం మంది స్కాన్‌కి పరుగెత్తుతారు, అందులో చాలామందికి "ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1" అని వస్తుంది. ప్రపంచంలో పెద్దవాళ్లలో సుమారు ముగ్గురిలో ఒకరికి ఉన్న విషయం అది, రాకపోతే ఆశ్చర్యం. వాళ్లలో ఎక్కువమందికి లివర్ చెడిపోదు, వాళ్లకి ముందు ముప్పు గుండె నుంచే. స్కాన్‌లో కనిపించే గ్రేడ్ కొవ్వు ఎంతుందో చెప్తుంది, ల్యాబ్‌కోటు గారు చెప్పిన మచ్చ సంగతి దాన్లో తెలియదు. పైగా కొవ్వు కొద్దిగా ఉంటే మామూలు అల్ట్రాసౌండ్‌లో దొరకదు. సన్నగా ఉన్నవాళ్లకీ ఫ్యాటీ లివర్ ఉంటుంది, గ్రేడ్ 2 ఉన్న మనిషికి మచ్చ అసలు లేకపోవచ్చు. కొత్త రిపోర్టుల్లో ఎంఏఎస్‌ఎల్‌డీ అని కనపడితే కంగారు పడొద్దు, ఫ్యాటీ లివర్‌కే 2023లో పేరు మార్చారు, కొత్త జబ్బేం కాదు.

నా అసలు భయం ఆ తర్వాత జరిగేదాని గురించి. గ్రేడ్ 1 వచ్చినవాడు ఇంటికెళ్లి "లివర్ డిటాక్స్" అని కొడతాడు. లివర్‌ని కడిగే పొడి, రసం, మాత్ర ఏదీ పని చేస్తుందని రుజువు లేదు. రుజువు లేకపోతే పోనీలే అనుకోవచ్చు, కానీ ఈ మూలికల, సప్లిమెంట్ల వల్లే లివర్ పాడై ఆసుపత్రుల్లో చేరినవాళ్లున్నారు. గాఢంగా తీసిన గ్రీన్ టీ క్యాప్సూళ్లు, పసుపు క్యాప్సూళ్లు, కండలు పెంచే స్టెరాయిడ్లు, ఇవన్నీ వైద్య పత్రికల్లో కేసులుగా నమోదైనవి. కూరలో వేసే పసుపు గురించి కాదు నేను చెప్పేది, అదే పనిగా క్యాప్సూల్లో కుక్కి మిరియాల సారంతో కలిపి అమ్మే వాటి గురించి. మొక్క నుంచి వచ్చింది కాబట్టి మంచిదే అనేవాళ్లకి విషపు పుట్టగొడుగులు కూడా ప్రకృతిలోనే మొలుస్తాయని గుర్తు చేయండి.

పారాసెటమాల్ గురించి కూడా రెండు నిమిషాలు పెట్టండి. మోతాదులో వాడితే చాలా మంచి మందు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి రోజు మొత్తంలో 4 గ్రాములు దాటకూడదు, అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు ఎనిమిది. రోజూ తాగేవాళ్లు, లివర్ జబ్బున్నవాళ్లు, మరీ బక్కగా ఉన్నవాళ్లు ఇంకా తక్కువే వాడాలి, ఎంతో డాక్టర్ని అడగాలి. జనం దెబ్బతినేది ఎక్కడంటే, జ్వరానికి ఒకటి, జలుబుకి ఇంకోటి, ఒళ్లునొప్పులకి మరోటి వేసుకుంటారు, మూడింట్లోనూ అదే ఉంటుంది. ఎక్కువ మింగిన రోజున మనిషి బాగానే ఉంటాడు, రెండు మూడు రోజులకి లివర్ కూలుతుంది. ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు ఉంది, ఎనిమిది గంటల్లోపు ఇస్తే చాలా బాగా పనిచేస్తుంది, అందుకే బాగున్నాం కదా అని ఇంట్లో కూర్చోకూడదు.

మరి ఫ్యాటీ లివర్ ఉన్నవాడు ఏం చేయాలి అంటే, బోర్ కొట్టే జవాబే. ఒంటి బరువులో 5 శాతం తగ్గితే లివర్‌లో కొవ్వు తగ్గడం మొదలవుతుంది, 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు తగ్గుతుంది, 10 శాతం దాటితే చాలామందిలో మచ్చ కూడా వెనక్కి తగ్గుతుంది. 90 కిలోల మనిషికి 5 శాతం అంటే నాలుగున్నర కిలోలే, ఇలా కిలోల్లో చెప్పండి, శాతాల్లో చెప్తే ఎవరికీ ఎక్కదు. నెలలో పదిహేను కిలోలు దించే పిచ్చి డైట్లు లివర్‌కే చేటు. తీపి కూల్‌డ్రింకులు మానటం అన్నిటికంటే తేలికైన మొదటి అడుగు. కాఫీ తాగేవాళ్లలో లివర్ మచ్చ, లివర్ క్యాన్సర్ తక్కువగా కనపడుతున్నాయి, కాబట్టి ఆ అలవాటు ఉంటే లివర్ కోసం మానక్కర్లేదు (చక్కెర కుమ్మరిస్తే నా పూచీ లేదు). మందులు కూడా వచ్చాయి, అమెరికాలో 2024లో రెస్మెటిరామ్, 2025లో సెమాగ్లూటైడ్‌కి అనుమతిచ్చారు, కానీ అవి మచ్చ ఓ మోస్తరుగా, లేదా ఇంకా ఎక్కువగా పడి సిరోసిస్ దాకా రానివాళ్లకే. గ్రేడ్ 1 వాళ్లకి కాదు.

గాలిపటం:

అబ్బో, ఇంత వస్తుందనుకోలేదు, అందరికీ థాంక్స్. చిన్నక్క గారూ, తాగి ఉంటే మాత్రం అన్న మాట గట్టిగానే తగిలింది, అది అలాగే అక్కడ అడుగుతాను. ఇప్పుడు నేను అనుకుంటున్నది ఇది. లివర్ ఎలా పనిచేస్తుంది అన్న స్లైడ్లు మొత్తం తీసేస్తా. ల్యాబ్‌కోటు గారి ఉదాహరణ అందరి చేతా కట్టిస్తా, ముందే చెప్తే పాత రిపోర్టులు వాళ్ల ఫోన్లలో తెచ్చుకుంటారు. తర్వాత హెపటైటిస్, ఆ తర్వాత మందులు, సప్లిమెంట్లు. హెచ్‌ఆర్‌కి ఆఫీసులో పరీక్షలు వద్దని రాసేశాను, ఇంకా జవాబు రాలేదు.

ఒకటే అనుమానం. అందరి ముందూ లెక్క కట్టిస్తే ఎవరికైనా 3 వస్తే? అక్కడికక్కడే బెంబేలెత్తిపోరూ?

ల్యాబ్‌కోటు:

మంచి పాయింట్. అక్కడ ఉదాహరణ అంకెలతోనే కట్టించండి, సొంత రిపోర్టు ఇంటికెళ్లి చూసుకోమనండి. ఫార్ములా ఉన్న కాగితం చేతికివ్వండి. 2.67 దాటినా అది జబ్బు ఖాయమని చెప్పే పరీక్ష కాదు. జ్వరాల్లో ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు, ఏదో మందుకి ఏఎస్‌టీ పెరిగినప్పుడు, గట్టిగా వ్యాయామం చేసిన మర్నాడు కూడా లెక్క తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. ఒంట్లో బాగున్నప్పుడు తీసిన రిపోర్టుతోనే కట్టాలని కాగితం మీద పెద్దక్షరాల్లో రాయండి.

మూడోబెంచీ:

చివర్లో "ఎవరికైనా ప్రశ్నలున్నాయా" అని అడగకండి. హెపటైటిస్ గురించి చేయెత్తి అడిగేవాడు ఉండడు, అడిగితే వాడికే ఉందనుకుంటారు.

చిన్నక్క:

అవును, తాగుడు గురించి కూడా ఎవరూ అడగరు. వచ్చేటప్పుడే తలా ఒక చీటీ ఇచ్చి, ఖాళీ చీటీ అయినా సరే అందరూ డబ్బాలో వేయాలి అని చెప్పండి. అప్పుడు రాసిందెవరో తెలియదు. వాటిలో మీకు తెలియనివి ఉంటే ఇక్కడ పెట్టండి, చూస్తాం.

గాలిపటం:

చీటీలు ఖాయం. వచ్చిన ప్రశ్నలు ఈ థ్రెడ్‌లోనే వేస్తాను.